వెండి గొలుసు: ప్రతి లంకెలోనూ ఒక శాస్త్రం

బారసాలనాటికి పసిబిడ్డ నడుముకు వెండి మొలతాడు కట్టడం, కాళ్ళకు మువ్వల పట్టీలు పెట్టడం తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం. అమ్మమ్మగారింట పెట్టిన ఆ పట్టీలు బిడ్డతోపాటు విమానమెక్కి దోహాకు చేరుకుంటాయి. బిడ్డ ఎదిగిన కొద్దీ అవి కాలికి బిగుతై బీరువాలో ఒక మూలకు వెళ్తాయి. కొన్నేళ్ళకు తీసి చూస్తే వెండి నల్లబడి ఉంటుంది. ఒకటి రెండు లంకెలు అరిగి, కొక్కెం సడలి ఉంటుంది. అప్పుడు చాలా కుటుంబాలవారు ఆలోచించేది ఒక్కటే: పాతవెండిగా తూకం వేయించి, ఆ వచ్చిన సొమ్ముకు కొంత కలిపి కొత్తవి కొనడం. ఆ గొలుసు ఎట్లా తయారయిందో, ఎందుకు కదులుతుందో, ఎందుకు నల్లబడిందో, ఎక్కడ తెగుతుందో తెలిసినవారు మాత్రం అంత తొందరపడరు.

రెండు తీరాలకు ఒకే వెండి

ఖతార్‌లో నేడు నగ అనగానే బంగారమే గుర్తుకు వస్తుంది. దోహాలోని సూఖ్ వాఖిఫ్ సమీపాన ఉన్న బంగారు బజారులో కిటికీల నిండా మెరిసేది అదే. కాని 1949లో చమురు ఎగుమతి ఆరంభం కాకముందు అరేబియా ఎడారి జాతుల స్త్రీల ఒంటిమీద అధికంగా కనిపించినది వెండి. అరబ్బీలో వెండిని ‘ఫిద్దా’ అనీ, కాలి కడియాన్ని ‘ఖల్ఖాల్’ అనీ అంటారు. బెదూయిన్ స్త్రీల కంఠహారాలలో, తలకట్టు నగలలో చిన్న చిన్న గొలుసులు, వాటి చివర మువ్వలు వేలాడుతూ ఉండేవి. గల్ఫ్ వధువులు ధరించే ఒక బంగారు కంఠాభరణానికి ‘ముర్తాషా’ అని పేరు. ‘వణకునది’ అని దాని అర్థం. నడకతోపాటు నగ కూడ కదలాలి, మెరవాలి, మ్రోగాలి అన్న కోరిక మన మువ్వల పట్టీకీ, ఆ ముర్తాషాకీ ఉమ్మడి సొత్తు.

ఉమ్మడి సొత్తు మరొకటి కూడ ఉన్నది. అది వెండి నాణెం. అరేబియాలోని కంసాలులు కరగించిన వెండిలో అధిక భాగం ఆస్ట్రియా రాణి పేర వెలువడిన మరియా థెరిసా థేలర్ నాణేలది. ఎప్పుడు ముద్రించినా దానిమీద 1780 అన్న సంవత్సరమే ఉంటుంది. బరువు సుమారు 28 గ్రాములు. అందులో వెయ్యికి 833 పాళ్ళు వెండి. దానికి తోడు మన రూపాయి కూడ గల్ఫ్ రేవులలో ధారాళంగా చెలామణి అయ్యేది. 1835 నుండి 1940 వరకు రూపాయి 11.66 గ్రాముల బరువుతో, పన్నెండింట పదకొండు పాళ్ళు వెండితో ఉండేది. 1940లో వెండి పాలు సగానికి తగ్గింది. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. గల్ఫ్ దేశాలకోసం భారత రిజర్వు బ్యాంకు 1959లో ప్రత్యేకంగా వెలువరించిన రూపాయి నోట్లు 1966 వరకు ఖతార్‌లో చెల్లాయి. అనగా, తెలుగునాట కంసాలి కుంపటిలోనూ, అరేబియా కంసాలి కొలిమిలోనూ కరిగిన వెండి కొన్ని సందర్భాలలో ఒకే టంకశాలనుండి వచ్చినదే.

కమ్మచ్చు చేసే పని

గొలుసుకు మూలం తీగ. తీగకు మూలం కమ్మచ్చు. క్రమంగా సన్నబడే రంధ్రాలు వరుసగా ఉన్న ఉక్కు పలక అది. కంసాలి వెండిని మూసలో కరగించి కడ్డీగా పోసి, దాగలిపై సుత్తితో సాగగొట్టి, ఒక కొనను ఆకురాయితో సన్నగా చేసి కమ్మచ్చు రంధ్రంలోకి దూర్చి, ఆవలివైపునుండి పట్టకారుతో బలంగా లాగుతాడు. తరువాత అంతకంటె సన్నని రంధ్రం, ఆపైన మరొకటి.

ఇందులోని లెక్క సులభమైనది. 2 మిల్లీమీటర్ల మందంగల 40 సెంటీమీటర్ల కడ్డీని 1 మిల్లీమీటరు మందానికి దించితే, మందం సగమవుతుంది. అడ్డుకోత వైశాల్యం నాలుగో వంతవుతుంది. కనుక పొడవు నాలుగు రెట్లై 160 సెంటీమీటర్లకు చేరుతుంది. వెండి ఎక్కడికీ పోలేదు, రూపం మాత్రమే మారింది.

అయితే ఒకేసారి ఇంత దూరం లాగితే తీగ తెగుతుంది. వెండిలో పరమాణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. లోహం సాగినప్పుడు ఈ పొరలు ఒకదానిపై ఒకటి జారుతాయి. పొర అంతా ఒక్కసారిగా జరగదు. పెద్ద జంపఖానాను ఒక్క ఊపున ఈడ్చడం కష్టం. ఒక అంచున చిన్న మడత లేపి, ఆ మడతను రెండో అంచుదాకా తోస్తే జంపఖానా సులువుగా జరుగుతుంది. లోహ స్ఫటికాలలోనూ ఇటువంటి ‘మడతలు’ ఉంటాయని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారుగా ప్రతిపాదించారు. తీగను లాగేకొద్దీ ఈ మడతల సంఖ్య పెరిగి, ఒకదానికొకటి చిక్కుపడి, ఇక జారలేని స్థితి వస్తుంది. వెండి బిరుసెక్కుతుంది. అప్పుడు కంసాలి తీగను మంటలో మసక ఎరుపు వచ్చేవరకు కాలుస్తాడు. సుమారు 600 నుండి 650 డిగ్రీల సెల్సియస్ వద్ద చిక్కుపడిన పాత స్ఫటికాల స్థానంలో కొత్త స్ఫటికాలు పుట్టి లోహం మళ్ళీ మెత్తబడుతుంది. ఉష్ణమాపకం లేకుండా రంగును చూసి ఈ ఘడియను పట్టుకోవడం కంటికి అబ్బిన విద్య. పగటి వెలుగులో ఆ ఎరుపు కనిపించదు కనుకనే సంప్రదాయపు కొలిమి చోటు ఎప్పుడూ కొంచెం చీకటిగా ఉంటుంది.

తీగపని అనగానే తెలుగువారు స్మరించవలసిన ఊరు కరీంనగర్. సమీపంలోని ఎలగందులలో పెంపొంది, కరీంనగర్‌లో స్థిరపడిన వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. వెంట్రుకవంటి తీగలను మెలిపెట్టి, చదును చేసి, చట్రాలలో ఆకులుగా, తీవెలుగా నింపి అతికే ఈ పనితనంతో అత్తరుదాన్లు, పాన్‌దాన్లు, పళ్ళేలు, నగలు తయారవుతాయి. గల్ఫ్‌కు వలసవచ్చిన తెలుగువారిలో కరీంనగర్ ప్రాంతీయులు ఎందరో ఉన్నారన్నది ఖతార్‌లోని తెలుగువారందరికీ తెలిసినదే.

కదలికకు ఒక కొలత

తీగను ఇనుప చువ్వమీద చుట్టి, సన్నని రంపంతో నిలువుగా కోస్తే ఒక్కొక్క చుట్టు ఒక్కొక్క వలయమై రాలుతుంది. ఈ వలయాలే లంకెలు. గొలుసు నీరులా జారాలా, కర్రలా నిలవాలా అన్నది ఇక్కడే నిర్ణయమవుతుంది. ప్రతి లంకెలోనుండి ఇరుగు పొరుగు లంకెలు రెండూ దూరాలి. కనుక వలయం లోపలి వ్యాసం తీగ మందానికి రెండు రెట్లయినా ఉండాలి. అంతకే పరిమితమైతే లంకెలు బిగుసుకుని కదలవు. మూడు రెట్లు ఉంటే హాయిగా తిరుగుతాయి. మరీ ఎక్కువైతే గొలుసు వదులై, లంకెలు మెలిపడి, బట్టలకు తగులుకుంటాయి.

1 మిల్లీమీటరు తీగతో, 3 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో చేసిన గొలుసును తీసుకుందాం. లాగి పట్టినప్పుడు ప్రతి లంకె గొలుసు పొడవుకు చేర్చేది దాని లోపలి వ్యాసం మాత్రమే, అంటే 3 మిల్లీమీటర్లు. 127 లంకెలతో సుమారు 38 సెంటీమీటర్లు. కొక్కెంతో కలిపి మెడకు సరిపడే గొలుసు. ఒక్కొక్క లంెకకు పట్టే తీగ 12.6 మిల్లీమీటర్లు, మొత్తం 160 సెంటీమీటర్లు. పైన చెప్పిన కడ్డీనుండి వచ్చిన తీగ సరిగ్గా సరిపోయింది. బరువు సుమారు 13 గ్రాములు.

127 అన్న సంఖ్యను ఎన్నుకోవడానికి కారణం ఉన్నది. పక్కపక్కన ఉన్న లంకెలను ఒకటి తరువాత ఒకటి అతుకుతూ పోతే, మంట తగిలి క్రితం అతికినది మళ్ళీ కరుగుతుంది. లేదా రెండు లంకెలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకని పనివారు మొదట సగం లంకెలను, అనగా 64 లంకెలను విడివిడిగా అతికి పక్కన పెడతారు. తరువాత ఒక తెరచిన లంకెలో రెండు మూసిన లంకెలు తగిలించి అతికితే మూడు లంకెల ముక్క వస్తుంది. రెండు మూడులను మరో లంకెతో కలిపితే ఏడు. రెండు ఏడులను కలిపితే పదిహేను. ఆపైన 31, 63, చివరకు 127. ప్రతి దశలోనూ మంట పడేది ఒక్క అతుకుమీదనే. మిగిలినవి దూరంగా వేలాడుతూ ఉంటాయి. పిల్లలు బడిలో నేర్చుకునే రెండు ఘాతాల లెక్క బల్లమీద గొలుసుగా మారడమంటే ఇదే.

అతుకు అక్కరలేని గొలుసులు కూడ ఉన్నాయి. మేలిమి వెండి వలయం కొనలను కలిపి మంటలో చూపితే అవి తమంతట తామే ఒకటైపోతాయి. అట్లా మూసిన వలయాన్ని కోలగా సాగదీసి, నడిమికి నొక్కి, రెండుగా మడచి, దాని కొనలలోనుండి మరో వలయాన్ని దూర్చి మళ్ళీ మడుస్తారు. చూడడానికి జడ అల్లినట్లుండే ఈ గొలుసు విధానం మెసపొటేమియాలోని ఊర్ నగరపు రాజసమాధులలో లభించిన సుమారు 4,500 ఏళ్ళనాటి బంగారు నగలలోనే కనిపిస్తుంది. ఇన్ని వేల సంవత్సరాలలో ఆ పద్ధతి పెద్దగా మారలేదు.

అతుకులోని మంచి, చెడు

శుద్ధమైన వెండి 962 డిగ్రీల వద్ద కరుగుతుంది. అది మరీ మెత్తన; నిత్యం వాడే గొలుసుకు పనికిరాదు. అందుకే వెయ్యికి 925 పాళ్ళ వెండిలో 75 పాళ్ళు రాగి కలుపుతారు. దుకాణాలలో కనిపించే 925 ముద్రకు అర్థం ఇదే. మన పాత రూపాయి వెండి 917 పాళ్ళతో దాదాపు దీనికి సమానం. రాగి పెరిగేకొద్దీ మిశ్రమం కరగడం ఆరంభించే ఉష్ణోగ్రత తగ్గుతుంది. 72 పాళ్ళ వెండి, 28 పాళ్ళ రాగి కలిసినప్పుడు అది అతి తక్కువై 779 డిగ్రీలకు దిగుతుంది. దీనికి కొంత తుత్తునాగం చేర్చితే ఇంకా ముందే కరిగే అతుకులోహం సిద్ధమవుతుంది. లంకె కరగకముందే అతుకు కరిగి సందులోకి పాకాలి. ఈ కళకు ఆధారం ఆ కొద్ది డిగ్రీల వ్యత్యాసమే.

మంటలో రాగి ఆక్సీకరణం చెందితే అతుకు పట్టదు. అందుకు పూసేది వెలిగారం. అది వేడికి పొంగి, ఆపైన కరిగి గాజువలె పరచుకుని, లోహంమీది ఆక్సైడును తనలో కరగించుకుంటుంది. కొత్తగా గాలి తగలకుండా కాపాడుతుంది. పని పూర్తయ్యాక పలుచని ఆమ్లంలోనో, చింతపండు నీటిలోనో ఉడికిస్తే మిగిలిన మసి, ఆక్సైడు తొలగిపోతాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లమే ఆ పని చేసేది.

ఇక చెడు సంగతి. అతుకు తొందరగా కరిగి చక్కగా పారాలని కొన్ని దశాబ్దాలపాటు కాడ్మియం కలిపేవారు. బంగారు నగలమీద ‘కేడీఎం’ అన్న మాట అక్కడినుండి వచ్చినదే. కాడ్మియం 767 డిగ్రీల వద్దనే మరుగుతుంది. అనగా అతుకు మంటలోనే ఆవిరై పొగగా లేస్తుంది. ఆ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. శరీరంలో చేరిన కాడ్మియం మూత్రపిండాలలో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లో దీనిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఐరోపా సమాఖ్య 2011లో నగలలోని కాడ్మియంపై కఠినమైన పరిమితి విధించింది. ఎక్కువ హాని కొన్నవారికి కాదు, కిటికీ లేని గదిలో రోజంతా ఊదుగొట్టం ముందు కూర్చున్న పనివారికి. అయినప్పటికీ పసిపిల్లలు పట్టీలను నోట పెట్టుకోవడం సహజం కనుక, కొనేటప్పుడు అతుకులో కాడ్మియం లేదని అడిగి తెలుసుకోవడం ఇరుపక్షాలకూ మేలు. కాడ్మియం లేని అతుకులోహాలు నేడు సులభంగా దొరుకుతున్నాయి. కొనేవారు అడిగితే దుకాణాలవారు వాటిని వాడే అవకాశం పెరుగుతుంది.

నలుపు మురికి కాదు

వెండి గాలిలోని ప్రాణవాయువుకు సాధారణంగా లొంగదు, గంధకానికి లొంగిపోతుంది. గాలిలో నూరుకోట్ల పాళ్ళకు కొన్ని పాళ్ళు మాత్రమే హైడ్రోజన్ సల్ఫైడు ఉన్నా చాలు, వెండి ఉపరితలంమీద సిల్వర్ సల్ఫైడు పొర ఏర్పడుతుంది. పొర పలుచగా ఉన్నప్పుడు పసుపుగా, ఆపైన గోధుమ, నీలి రంగులలో, చివరకు నల్లగా కనిపిస్తుంది. గాలిలో తేమ ఉంటే ఈ చర్య వేగవంతమవుతుంది. ఖతార్ ఎడారి దేశమే అయినా మూడు దిక్కుల సముద్రం ఉన్నది. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో దోహా గాలిలోని చెమ్మ సంగతి అక్కడ ఒక్క వేసవి గడిపినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కోడిగ్రుడ్డు, ఉల్లిపాయ, రబ్బరు బ్యాండు, ఉన్ని బట్ట ఇవన్నీ గంధకానికి నిలయాలు. పట్టీలను రబ్బరు బ్యాండుతో చుట్టి దాచడం వాటిని చేజేతులా నల్లబరచడమే.

ఇక్కడ గమనించదగిన లెక్క ఒకటున్నది. సిల్వర్ సల్ఫైడు బరువులో 87 శాతం వెండే. విభూతితోనో, పాలిష్ ముద్దతోనో రుద్ది తుడిచినప్పుడు గుడ్డకంటిన నలుపులో అధిక భాగం గొలుసుదే. ఏటా ఇట్లా రుద్దితే చెక్కడపు పని మొద్దుబారుతుంది. తీగపని నగలయితే తీగలే వంగిపోతాయి.

దీనికి మేలైన ఉపాయం వంటింట్లోనే ఉన్నది. గాజు గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరచి, గొలుసును రేకుకు తగిలేటట్లు ఉంచి, లీటరు వేడినీటిలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోయాలి. అల్యూమినియం తన ఎలక్ట్రానులను సులభంగా వదులుకునే లోహం. అవి వెండిని చేరగానే సల్ఫైడులోని వెండి మళ్ళీ లోహంగా మారి అక్కడే నిలుస్తుంది, గంధకం విడిపోతుంది. కొద్దిగా కుళ్ళిన గ్రుడ్డు వాసన వస్తే చర్య జరుగుతున్నట్లే. కిటికీ తెరచి ఉంచితే చాలు. కొన్ని నిమిషాల తరువాత మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో తడి పూర్తిగా ఒత్తాలి. ముత్యాలు, రాళ్ళు, మీనాపని ఉన్న నగలను, అందంకోసం కావాలని నల్లబరచిన నగలను మాత్రం ఇందులో వేయరాదు. పాత బెదూయిన్ నగలు కొన్నవారు ఈ జాగ్రత్తను మరచిపోకూడదు; గాడులలోని ఆ నలుపే వాటి అందం.

శుభ్రం చేసిన గొలుసును గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో ఒక సుద్దముక్కతోనో, మందు సీసాలలో వచ్చే తేమపీల్చే పొట్లంతోనో ఉంచితే చాలాకాలం తెల్లగా నిలుస్తుంది. ఈతకొలను నీటిలోని క్లోరిన్ వెండినీ, అందులోని రాగినీ కూడ తినివేస్తుంది. ఈతకు ముందు పిల్లల పట్టీలు తీసివేయడం ఉత్తమం.

గొలుసు ఎక్కడ తెగుతుంది?

చేంతాడు ఒరిపిడికి బావి ఒరమీది రాయి గాడిపడినట్లు, లంకె లంకెను తాకే చోట రోజూ ఇంత అరుగుదల జరుగుతుంది. బరువంతా పడేది ఆ చిన్న చోటుమీదనే. ఖతార్‌లో దీనికి తోడయ్యేది షమాల్ గాలి. అది మోసుకొచ్చే దుమ్ములోని ఇసుకరేణువులలో క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలబద్దపై క్వార్ట్జ్ స్థానం 7. వెండిది 3 లోపు. చెమట, నూనె జిడ్డుకు అంటుకున్న ఆ రేణువులు లంకెల సందున చేరి ఆకురాయిలాగా పనిచేస్తాయి. గోరువెచ్చని సబ్బునీటిలోనో, కుంకుడు రసంలోనో అప్పుడప్పుడు మెల్లగా కడగడం అందానికే కాక ఆయుర్దాయానికి కూడ అవసరం.

ఆరునెలలకొకసారి భూతద్దంతో లంకెల లోపలి అంచులు చూడాలి. తీగ మందంలో మూడోవంతు అరిగిందంటే ఆ లంకెను మార్పించవలసినదే. సగం అరిగితే లాగుడుకు ఓర్చుకునే బలం సుమారు సగానికి, వంగకుండా నిలిచే బలం అంతకంటె ఎక్కువగా పడిపోతాయి. పసిపిల్లల పట్టీల విషయంలో ఇది ధననష్టంతో పోయేది కాదు. ఊడిన మువ్వ బిడ్డ గొంతుకు అడ్డుపడితే ప్రాణాపాయం. నిద్రపుచ్చేముందు మొలతాడు, పట్టీలు ఒకసారి వేలితో తడిమి చూడడం ప్రతి తల్లిదండ్రులకూ అలవాటు కావాలి.

తూకం చెప్పని విలువ

యంత్రం నేడు గంటకు కొన్ని వేల లంకెలు అల్లుతుంది. అవి నున్నగా, చవుకగా ఉంటాయి. వాటిని తప్పుపట్టవలసిన పని లేదు. కాని కొన్ని రకాలలో బరువు తగ్గించడానికి లోపల బోలుగా ఉన్న గొట్టంతో లంకెలు చేస్తారు. అరిగి రంధ్రం పడితే వాటిని బాగుచేయడం కష్టం. గట్టి తీగతో చేతిపనిగా చేసిన గొలుసులో 127 లంకెలకూ 127 జన్మలు. ఒకటి పోతే దానినొక్కదానినే మార్చవచ్చు.

పాతవెండిగా ఇచ్చినప్పుడు దుకాణదారు లెక్కించేది లోహాన్ని మాత్రమే. మజూరీ, తరుగు అన్న పేర్లతో కొన్ననాడు చెల్లించినది తిరిగి రాదు. తరుగునే తీసుకుంటే, పైన చెప్పిన గొలుసులో రంపం కోతకు పోయేది కోతకు 0.3 మిల్లీమీటరు చొప్పున మొత్తం 0.3 గ్రాము, అనగా రెండున్నర శాతంకంటె తక్కువ. ఆకురాయి పొడి దానికి అదనం. ఆ రజను కూడ పనివారు ఊడ్చి, దాచి, మళ్ళీ కరగిస్తారు. ఈ లెక్క తెలిసిన కొనుగోలుదారు బేరంలో తరుగును ప్రశ్నించవచ్చు, మజూరీని మాత్రం గౌరవించవచ్చు. మొదటిది లోహానికి సంబంధించినది. రెండవది మనిషి కంటిచూపుకు, ఊపిరికి సంబంధించినది. కరీంనగర్ తీగపనివారి పిల్లలు ఆ వృత్తిలోకి రావడానికి వెనుకాడుతున్నారంటే, తూకానికి వెల కట్టి పనితనానికి వెల కట్టని ఈ అలవాటు కూడ అందుకొక కారణం.

భారత ప్రమాణాల సంస్థ వెండి నగలకు 2005 నుండి హాల్‌మార్కు ఇస్తున్నది. సెలవులకు స్వదేశం వెళ్ళినప్పుడు 925, 970, 990 వంటి ముద్రలు చూసి కొనడం, పాత గొలుసును కరగించకుండా ఊరి కంసాలిచేత లంకె మార్పించుకోవడం ప్రవాస కుటుంబాలకు అసాధ్యమైన పనులు కావు. తమ్ముడి కూతురి కాళ్ళకు అక్క కొడుకు పట్టీలు పెట్టడం మన ఇళ్ళలో కొత్త కాదు. కొక్కెం దగ్గర నాలుగు లంకెలు చేర్చితే అదే పట్టీ మరికొంత కాలం పనిచేస్తుంది. అందుకు కావలసినది ఐదు సెంటీమీటర్ల తీగ, చిటికెడు వెలిగారం, ఆ మంట రంగును గుర్తుపట్టగల ఒక మనిషి. మొదటి రెండూ ఎక్కడైనా దొరుకుతాయి.